నలుగురు చూసే పేజీలో మన దుకాణం
(సంఘ వార్షిక సభలో చిన్న వ్యాపారులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఈ విషయం మీద నన్ను మాట్లాడమన్నప్పుడు మొదట నవ్వొచ్చింది. ఉర్దూ మీడియం బడిలో 8వ తరగతికి లెక్కలు చెప్పుకొనే వాడిని. నాకు ఇన్‌స్టాగ్రాములో ఖాతా కూడా ఈ మధ్య దాకా లేదు. "మీరు కాకపోతే ఎవరు చెబుతారు సార్, ఆ కాగితం రాసింది మీరే కదా" అన్నారాయన. ఆ కాగితం సంగతి మీలో కొందరికి తెలుసు, మిగిలిన వారికి ఇప్పుడు మనవి చేస్తాను. నా మాటలో తెలుగు, ఉర్దూ కలిసిపోతాయి, దానికి ముందుగానే క్షమాపణ.

విషయం ఏమిటంటే, ఫోనులో వేలమంది, లక్షలమంది చూసే పేజీలు పెట్టుకొన్న వాళ్ళు వున్నారు. ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటున్నారు. వాళ్ళ చేత మన దుకాణం గురించి, మన సరుకు గురించి నాలుగు మంచి మాటలు చెప్పించుకోవడం. ఇది మంచిదా చెడ్డదా అని వాదించడానికి నేను రాలేదు. మన కర్నూలు పాతబస్తీలోనే గాజుల అంగడి, బిర్యానీ హోటలు, బుర్ఖాల దుకాణం అందరూ చేయిస్తున్నారు. చేయించేటప్పుడు మనం కొంటున్నది ఏమిటి, ఎంతకు కొంటున్నాం, కొన్న తర్వాత మన మీద పడే బాధ్యత ఏమిటి, ఇవే నేను చెప్పదలచుకొన్నవి.

ఇది పూర్తిగా కొత్త సంగతి అని కూడా అనుకోవద్దు. నా చిన్నతనంలో రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పేవారు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు ముందు స్లయిడు వేసేవారు, అందులో బట్టల కొట్టు పేరు రంగుల్లో వచ్చేది. అంతకు ముందు తరంలో, 1941లోనే లీలా చిట్నిస్ అనే సినిమా తార లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించింది. పేరున్న మనిషి చేత చెప్పిస్తే సరుకు అమ్ముడుపోతుందన్న సూత్రం అప్పటినుంచీ వున్నదే. తేడా ఒక్కటే. సినిమా తార సబ్బు గురించి చెబితే అది ప్రకటన అని చూసిన వాడికి తెలుసు. ఈ పేజీ నడిపే అమ్మాయి, అబ్బాయి మన పక్కింటి వాళ్ళలాగా మాట్లాడుతారు. పొద్దున ఏం తిన్నారో చెబుతారు, వాళ్ళ అమ్మను చూపిస్తారు. అందుచేత వాళ్ళు "ఈ దుకాణం బాగుంది" అంటే చూసేవాడు దానిని ప్రకటనగా తీసుకోడు, ఎరిగిన మనిషి ఇచ్చిన గవాహీగా తీసుకొంటాడు. డబ్బిచ్చి మనం కొంటున్నది ఆ గవాహీని. గవాహీని కొనడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మన వాడి కథ. నా దగ్గర చదువుకొన్న పిల్లవాడు, ఇప్పుడు ముప్ఫై దాటాడు. మగ్గం వర్క్ చేయిస్తాడు. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద జర్దోసీ, కుందన్లు, పూసలు. మేడ మీద ఒకటే గది, రెండు మగ్గాలు, నలుగురు కారీగర్లు. పని శుభ్రంగా వుంటుంది, నేను చూశాను. కాని మేడ మీద దుకాణం ఎవరి కంటికీ ఆనదు. ఒక రోజు ఎవరో చెప్పారట, హైదరాబాదులో ఒక పేజీ వుంది, మూడు లక్షల మంది ఫాలోవర్లు, ఒక్కసారి ఆమె చూపిస్తే ఇక నువ్వు ఆర్డర్లు పట్టలేవు అని. వీడు ఫోనులో బేరమాడి 18,000 రూపాయలకు ఒప్పుకొన్నాడు. ఆమెకు ఒక జాకెట్టు ఉచితంగా కుట్టి ఇవ్వాలి. ఆ పద్దెనిమిది వేలు ఎక్కడివంటే, పండుగకు కారీగర్లకు ఇద్దామని నెలనెలా దాచినవి. నాకు చెప్పలేదు. చెబితే వద్దంటానని భయం.

ఆమె మనుషులు వచ్చారు, దుకాణంలో అరగంట తీశారు, పోయారు. మరుసటి రోజు ఆమె పేజీలో కనిపించింది. ఆ పై రోజు లేదు. వీడు ఫోను చేసి అడిగితే "మీకు స్టోరీ అని చెప్పాం కదా, స్టోరీ ఇరవైనాలుగు గంటలే వుంటుంది, రీలు అయితే వేరే రేటు" అన్నారు. స్టోరీకీ, రీలుకీ తేడా వీడికి తెలియదు. ఏ కాగితమూ రాసుకోలేదు. ఫోనులో మాట, ఫోనులోనే డబ్బు.

అయినా ఆ ఒక్క రోజులో 64 మెసేజీలు వచ్చాయి. మనవాడు సంతోషించాడు. తర్వాత కూర్చొని చూస్తే, వాటిలో 41 మంది "ధర ఎంత" అని అడిగి మళ్ళీ పలకలేదు. ఒకరు బెంగళూరు, ఒకరు దుబాయి, ఒకరు విశాఖపట్నం. మన జిల్లా వాళ్ళు అయిదుగురు. జాకెట్టు కుట్టాలంటే కొలతలు తీసుకోవాలి, ఒకసారి వేసి చూడాలి. బెంగళూరు ఆమె కర్నూలు దాకా ఎందుకొస్తుంది? చివరకు వచ్చిన ఆర్డర్లు రెండు.

ఇంతకంటె పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. ఆ అరగంటలో దుకాణంలో ఇద్దరు ఆడవాళ్ళు కొలతలు ఇవ్వడానికి వచ్చి వున్నారు. కెమెరా వాళ్ళ మీదుగా తిరిగింది. ఎవరూ వాళ్ళను అడగలేదు. మర్నాడు ఒకావిడ అన్న దుకాణానికి వచ్చాడు. "మా చెల్లెలు నీ దగ్గరికి బట్ట ఇవ్వడానికి వచ్చింది గాని, ఊరందరి ఫోన్లలోకి ఎక్కడానికి కాదు" అన్నాడు. స్టోరీ అప్పటికే పోయింది, కాని ఎవరో దానిని పట్టుకొని వాట్సాప్‌లో తిప్పారు. మనవాడు వాళ్ళింటికి వెళ్ళి తల వంచుకొని నిలబడి వచ్చాడు. ఆ ఇంటి వాళ్ళు ఇప్పటికీ అతని దుకాణం మెట్లెక్కలేదు. పద్దెనిమిది వేలు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఇది ఏ లెక్కలో రాయాలో నాకు తెలియదు.

అప్పుడు వచ్చాడు నా దగ్గరికి. "సాబ్, పద్దెనిమిది వేలు పోయినాయి, మీరు ఒక అర్జీ రాసివ్వండి, కంప్లయింట్ ఇస్తా" అన్నాడు. ఏమని రాయను? ఆమె మోసం చేసిందని చెప్పడానికి మన చేతిలో ఏముంది? అర్జీ సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం రా అన్నాను.

లెక్క మీకు కూడా చెబుతాను, ఎందుకంటే పేజీ వాళ్ళు అడిగే రేటు ఎక్కువా తక్కువా అని తేల్చేది ఇదొక్కటే. అతని దగ్గర ఒక పెళ్ళి జాకెట్టు సగటున 4,500. అందులో సామానుకు, కారీగరు కూలికి 3,150 పోతుంది. మిగిలేది 1,350. ఆమెకు ఇచ్చింది 18,000, దాని మీద ఉచిత జాకెట్టు ఖర్చు 3,150, మొత్తం 21,150. దీనిని 1,350 పెట్టి భాగిస్తే పదిహేనున్నర దాటుతుంది. అంటే పదహారు కొత్త ఆర్డర్లు వస్తేనే పెట్టిన డబ్బు తిరిగి వచ్చినట్లు. ఆ మూడు లక్షల మందిలో కర్నూలుకు వచ్చి జాకెట్టు కుట్టించుకోగలిగిన, పెళ్ళి పెట్టుకొన్న పదహారు మంది వున్నారా అన్న ప్రశ్న ముందే వేసుకొని వుంటే బేరం అక్కడే ఆగేది. లక్షలు చూసి మనం భాగహారం మరచిపోతాం. 8వ తరగతి లెక్కే ఇది, అంతకు మించి ఏమీ కాదు.

ఇక్కడ ఫాలోవర్ల సంగతి కొంచెం చెప్పాలి. ఆ సంఖ్య డబ్బిచ్చి పెంచుకోవచ్చు. సంతలో గొర్రెకు నీళ్ళు తాగించి తూకం పెంచినట్లే. కనుక ఆ సంఖ్య మీద బేరం ఆడకూడదు. ఆ పేజీలో గత పది వీడియోలు తీసి, కింద జనం ఏమి రాశారో చదవండి. "ఈ అంగడి ఎక్కడక్కా, ఆదివారం తెరుస్తారా" అని అడిగితే అది నిజమైన మనిషి. అన్నిటికింద నిప్పు బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు, "నైస్, నైస్" అని వుంటే అనుమానించండి. ఇన్‌స్టాగ్రామ్ ఆ పేజీ నడిపే వాళ్ళకు ఇన్‌సైట్స్ అని ఒక పట్టిక చూపిస్తుంది. చూసేవాళ్ళు ఏ ఊళ్ళ వాళ్ళు, ఏ వయసు వాళ్ళు, ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు అన్నీ అందులో వుంటాయి. అది చూపమని అడగండి. ఫొటో తీసి పంపింది కాదు, ఎదుట కూర్చొని వాళ్ళ ఫోనులో తెరిచి చూపించమనండి. చూపనన్న వాళ్ళకు సలాం చెప్పి లేచి రండి. అంతకు ముందు ఆ పేజీలో చేయించుకొన్న దుకాణదారును ఒకసారి కలిసి అడగండి. మన వాళ్ళు పిల్లనిచ్చే ముందు పది ఇళ్ళల్లో విచారిస్తారు గాని, ఇరవై వేలు ఇచ్చే ముందు ఒక్క ఫోను చేయరు.

మరి రెండోసారి ఏం చేశాడంటే, అసలు రెండోసారి చేయిస్తానన్నప్పుడే నేను వద్దన్నాను. అతని భార్య ఒప్పించింది. మన ఊళ్ళోనే పెళ్ళికూతుళ్ళకు మెహందీ పెట్టే అమ్మాయి వున్నది. ఆమె పేజీకి తొమ్మిది వేల మంది మాత్రమే. ఆమె ముఖం ఎప్పుడూ చూపించదు, చేతులు, గోరింటాకు, గాజులు, అంతే. కాని ఆ తొమ్మిది వేల మందిలో ఎక్కువ మంది కర్నూలు, నంద్యాల, ఆదోని, గద్వాల వాళ్ళు. పైగా పెళ్ళి కుదిరిన ఇంట్లో ముందుగా వెతికేది మెహందీ పెట్టే అమ్మాయినే. ఆమె జాకెట్టు గురించి చెబితే వినవలసిన చెవులే వింటాయి. ఇది ఆ కోడలు పిల్ల చెప్పిన మాట, నా మాట కాదు. బడి చదువు పదితో ఆగిపోయింది గాని, వ్యాపారం నాకంటె ఆమెకు బాగా తెలుసు.

ఆ అమ్మాయితో మాట్లాడి మూడు వీడియోలకు ఒక్కొక్కటి 3,000 చొప్పున 9,000, ఒక జాకెట్టు అని కుదుర్చుకొన్నాం. ఈసారి కాగితం రాశాను. అదే కార్యదర్శి గారు చెప్పిన కాగితం. ఒకటే పేజీ, తెలుగులో. మూడు రీళ్ళు, స్టోరీలు కావు, ఏ ఏ వారాల్లో వస్తాయి, కనీసం ఆరు నెలలు తీసివేయకూడదు, అని రాశాం. ముందు సగం డబ్బు బయానా, మూడోది వచ్చాక మిగిలిన సగం, రెండూ బ్యాంకు ద్వారానే. దుకాణంలో తీసేటప్పుడు ఖాతాదారులు ఎవరూ వుండకూడదు, కారీగర్ల ముఖాలు వాళ్ళు ఒప్పుకొంటేనే. ఆ వీడియోను మనం మన పేజీలో కూడా పెట్టుకోవచ్చు. ఆ రెండు నెలలు ఆమె ఇంకొక మగ్గం వర్క్ దుకాణాన్ని చూపించకూడదు. ఇది డబ్బు తీసుకొని చేసిన ప్రచారం అని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. ఆ చివరి మాట దగ్గర మనవాడు ఆగాడు. "సాబ్, అట్లా చెబితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

ఇక్కడ చట్టం సంగతి చెప్పవలసి వున్నది. మన వ్యాపారుల్లో చాలామందికి తెలియదు, పేజీలు నడిపే పిల్లలకు అసలు తెలియదు. ప్రకటనల రంగంలో వున్న సంస్థలు తమలో తాము పెట్టుకొన్న మండలి ఒకటుంది, ఏఎస్‌సీఐ అంటారు. అది 2021లో నియమాలు తెచ్చింది. డబ్బు గాని, ఉచిత వస్తువు గాని తీసుకొని చెప్పే ప్రతి పోస్టు మీదా అది ప్రకటన అన్న ముద్ర కనిపించాలి అని. చిన్న వీడియో అయితే కనీసం మూడు సెకన్లు, పదిహేను సెకన్లు దాటి రెండు నిమిషాల లోపుదైతే దాని నిడివిలో మూడో వంతు సేపు ఆ ముద్ర వుండాలన్నారు. అంతటితో ఆగలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో పేజీలు నడిపే వాళ్ళ కొరకే విడిగా ఒక చిన్న పుస్తకం వేసింది. దాని ప్రకారం డబ్బే కానక్కరలేదు, ఉచిత బహుమతి, తగ్గింపు, బంధుత్వం, ఉద్యోగం, ఏ సంబంధం వున్నా చెప్పాలి. చెప్పేది జనానికి అర్థమయ్యే భాషలో, వీడియో ఏ భాషలో వుంటే ఆ భాషలోనే. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో కాదు, వీడియోలోనే. ఇంకొక మాట కూడా వున్నది. వాడి చూడని వస్తువును బాగుందని చెప్పకూడదు. ఈ చట్టం కింద తప్పు ప్రకటనకు మొదటిసారి పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అది చెప్పిన వాడి మీదే కాదు, చెప్పించిన వ్యాపారి మీద కూడా.

అందుచేత "ఆయుర్వేదం నూనె, పది రోజుల్లో జుట్టు", "చక్కెర జబ్బు నయం" అని చెప్పించే సోదరులు ఈ సభలో వుంటే, దయచేసి ఈ సాయంత్రమే ఆ వీడియోలు తీయించండి. నేను ఎవరి వైపూ చూడడం లేదు.

మెహందీ అమ్మాయి మొదటి వీడియోలో ఏం చెప్పిందంటే, "వీళ్ళు నాకు డబ్బులిచ్చారు, ఒక జాకెట్టు కూడా ఇచ్చారు. జాకెట్టు ఇదుగో, లోపలి కుట్టు కూడా చూడండి" అని తిరగేసి చూపించింది. మగ్గం వర్క్ మంచిదో కాదో లోపలి వైపు దారాలు చూస్తే తెలుస్తుంది, ఆడవాళ్ళకు ఆ సంగతి తెలుసు. డబ్బిచ్చారని చెప్పినందుకు ఎవరూ దూరం పోలేదు. ఒకామె కింద రాసింది కూడా, నిజం చెప్పావు, రేపు వస్తాను అని.

దుకాణంలో ఒక రిజిస్టరు పెట్టించాను, మా బడి హాజరు పట్టీ లాగానే. వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఎవరు చెబితే వచ్చారమ్మా" అని అడిగి రాయడం. మొదట మనవాడికి సిగ్గు, తర్వాత అలవాటైంది. ఆరు వారాల్లో ఆ వీడియోలు చూసి వచ్చామన్న వాళ్ళు 14 మంది, ఆర్డర్లు 11. ఖర్చు 9,000, ఉచిత జాకెట్టు 3,150, మొత్తం 12,150. తొమ్మిది ఆర్డర్లతో ఖర్చు తీరింది. మిగిలిన రెండు ఆర్డర్ల మీద లాభం 2,700. ఇంత గొడవ పడితే రెండు వేల ఏడు వందలా అని మీరు నవ్వవచ్చు. నేను దానిని పెంచి చెప్పను. దాంట్లో కూడా ఒక అయిదు వందలు పోయాయి, ఎట్లాగో వినండి.

నలుగురు కారీగర్లు, పాత ఆర్డర్ల మీద పదకొండు కొత్తవి, అందులో నాలుగు ఒకే వారంలో పెళ్ళిళ్ళు. ఒక జాకెట్టు ముందు రోజు ఇవ్వవలసింది, పెళ్ళి రోజు పొద్దున ఎనిమిదింటికి ఇచ్చారు. ఆ తల్లి ఎంత కంగారు పడిందో నేను ఊహించుకోగలను. మధ్యాహ్నానికల్లా ఆ మెహందీ అమ్మాయి వీడియో కింద ఎవరో రాశారు, పని బాగుంది గాని ఏడిపించారు అని. ఆ అమ్మాయి ఫోను చేసి మనవాడిని గట్టిగానే అడిగింది, నా పేరు పోతుంది కదా అన్నా అని. ఆమె కోపం న్యాయమే. వాళ్ళు తమ మాటను మన దగ్గర తాకట్టు పెట్టారు. మనవాడు ఆ మాట తీసివేయించలేదు, దాని కిందనే, తప్పు మాదే, కూలిలో 500 తిరిగి ఇస్తున్నాం అని రాశాడు. ఆ పూట నుంచి వారానికి మూడు పెళ్ళి జాకెట్లే అని గోడ మీద కాగితం అంటించాడు.

జనం ఒక్కసారిగా వస్తే ఏమవుతుందో దేశమంతా చూసిన సంగతులున్నాయి. 2020 అక్టోబరులో ఢిల్లీ మాలవీయ నగర్‌లో ఒక ముసలాయన చిన్న ధాబా ముందు ఏడుస్తున్న వీడియోను ఒక యూట్యూబరు పెట్టాడు. మరునాటికి వరుసలు కట్టారు, విరాళాలు వచ్చాయి. తర్వాత ఆ డబ్బు విషయంలో ఇద్దరికీ వివాదం వచ్చి పోలీసుల దాకా పోయింది. ఆ డిసెంబరులో ఆయన పెద్ద హోటలు తెరిచాడు, 2021 ఫిబ్రవరిలో మూసివేశాడు, మళ్ళీ పాత ధాబాకే వచ్చాడు. 2021 జూన్‌లో ఇద్దరూ కలుసుకొన్నారని చదివి నాకు సంతోషమైంది. మన వైపు 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం అమ్ముకొనే ఒక తల్లి సంగతి మీకందరికీ తెలుసు. వీడియోల వాళ్ళు, వాళ్ళ వెనక జనం, వాళ్ళ బండ్లు, ట్రాఫిక్ ఆగిపోయి పోలీసులు బండి తీయమన్నారు. చివరకు ముఖ్యమంత్రి కలగజేసుకొంటే గాని ఆమె చోటు ఆమెకు దక్కలేదు. అందరికీ ముఖ్యమంత్రి రాడు. రమజాన్‌లో హలీం పెట్టే మన సోదరులు ఇది గుర్తుంచుకోవాలి. దేగు దించడానికి పన్నెండు గంటలు పడుతుంది, వీడియో చూసిన జనం పది నిమిషాల్లో వస్తారు.

పేజీ వాళ్ళు ఇంకా ఏమేమి ప్రచారం చేస్తున్నారో కూడా చూడాలి. 2025 మార్చిలో హైదరాబాదులో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని యూట్యూబర్ల మీద, సినిమా వాళ్ళ మీద కూడా పోలీసులు కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పొద్దున జూదం యాప్ గురించి చెప్పిన నోటితోనే సాయంత్రం మన అత్తరు దుకాణం గురించి చెబితే, చూసేవాడు రెండింటినీ ఒకే గాట కడతాడు.

ఇంకొకటి, ఇది హోటళ్ళ వాళ్ళు నాతో రహస్యంగా చెప్పుకొన్నది. కొందరు కుర్రవాళ్ళు కెమెరా పట్టుకొని వచ్చి, పదిమందికి ఉచితంగా పెట్టు, లేకపోతే బాగాలేదని వీడియో పెడతాం అంటారట. దీనికి భయపడి పెడుతున్నారు. పెట్టవద్దు. వాళ్ళ మెసేజీలు చెరపకుండా దాచండి, బెదిరించి సొమ్ము రాబట్టడం నేరమే, స్టేషనులో ఫిర్యాదు చేయవచ్చు. ఒంటరిగా వెళ్ళడానికి జంకితే మన సంఘం వాళ్ళు తోడు వస్తారు. ఇది అధ్యక్షుల వారిని అడగకుండానే మాట ఇస్తున్నాను, వారు తల వూపుతున్నారు కాబట్టి సరే. అయితే నిజంగా తిని, నిజంగా బాగాలేదని చెప్పిన వాడిని మాత్రం బెదిరింపు కింద జమ కట్టకూడదు. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే అంటారు.

ఆడవాళ్ళు ఇంట్లో నుంచే పచ్చళ్ళు, బుర్ఖాలు, బేకింగు చేస్తున్నారు, వాళ్ళు అడిగారు, మా దగ్గర తొమ్మిది వేలు కూడా లేవు కదా అని. పెద్ద పేజీ అక్కరలేదమ్మా. రెండు మూడు వేల మంది వున్న పేజీ అయినా, అది మీ మొహల్లాది, మీ సరుకు కొనేవాళ్ళది అయితే చాలు. వస్తువే ఇచ్చి చెప్పించుకోవచ్చు, కాని అదీ ఉచితంగా ఇచ్చారని చెప్పించాలి. తినే వస్తువు అమ్మేవారు మాత్రం ఎవరి చేతా చెప్పించే ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, చిన్న వాళ్ళకు కూడా అది తప్పదు. పేరు పెరిగిన తర్వాత అడిగే వాళ్ళు కూడా పెరుగుతారు.

మన మగ్గం వర్క్ వాడు కారీగర్లకు ఆ పండుగకు ఇవ్వలేకపోయిన డబ్బు తర్వాతి పండుగకు కలిపి ఇచ్చాడు. మెహందీ అమ్మాయితో ఈ సీజనుకు మళ్ళీ కాగితం రాసుకొన్నారు, ఈసారి నన్ను పిలవలేదు, వాళ్ళే రాసుకొన్నారు. చదివి చూశాను. ఆలస్యమైతే ఆమెకు ముందే ఫోను చేసి చెప్పాలి అని ఒక కొత్త పంక్తి ఆమె చేర్పించింది.

ఆ కాగితం నమూనా, పేర్లు తీసివేసి, యాభై ప్రతులు తెచ్చాను. ఒకవైపు తెలుగు, వెనక ఉర్దూ. టీ ఇచ్చే బల్ల మీద వున్నాయి. మీ మీ వ్యాపారానికి తగినట్లు మార్చుకోండి. రిజిస్టరు ఎట్లా గీసుకోవాలో తెలియకపోతే, ఆదివారం పొద్దున పదింటి తర్వాత నేను ఇంట్లోనే వుంటాను, కొత్త నోటుబుక్కు ఒకటి, స్కేలు ఒకటి తెచ్చుకొని రండి.